ఏది కొత్త కోర్టు?

వరదయ్య తన గొంతును చంటిబిడ్డను సాకినట్టు సాకేవాడు. పొద్దున లేవగానే గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించడం, మిరియాలపొడి వేసిన పాలు తాగడం, బుగ్గన తాటికలకండ ముక్క పెట్టుకోవడం. ఇన్నీ అయ్యాకే ఎర్ర డవాలీ భుజాన వేసుకుని, దాని మీది ఇత్తడి బిళ్ళను తుడుచుకుని, రాయపురం నుంచి నడిచి కోర్టుకు వచ్చేవాడు. భార్యతో పోట్లాట వచ్చినా చేతిసైగలతోనే పోట్లాడేవాడు. గొంతు ఖర్చవుతుందని భయం.

పందొమ్మిదేళ్ళుగా ఆయన పని ఒకటే. లోపల జడ్జిగారు కేసు కట్ట విప్పగానే ఈ బిళ్ళబంట్రోతు వరండాలోకి వచ్చి, ఆ కేసులోని మనిషిని పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. మూడో పిలుపుకి కూడా ఎవరూ పలక్కపోతే లోపలికి వెళ్ళి తల అడ్డంగా ఊపాలి. రాని మనిషి లేకుండానే తీర్పు అయిపోతుంది. దాన్నే ఎక్స్‌పార్టీ అంటారు. వరదయ్య తల ఊపితే ఇళ్ళు పోయినవాళ్ళున్నారు, మొగుళ్ళు పోయినవాళ్ళూ ఉన్నారు. ఆయన మాత్రం ఏనాడూ కలతపడలేదు. పిలిచాను, పలకలేదు, నా పూచీ ఏముంది అనుకునేవాడు.

ఆ కోర్టు ఆవరణ మద్రాసు రేవుకి రెండు వీధుల ఇవతల ఉంది. గేటులోంచి లోపలికి వస్తే ఎడమవైపు ఎర్ర ఇటుకల కట్టడం, నెత్తిన గడియారం. తొంభై ఏళ్ళ నాటిది. కుడివైపు పదహారు మెట్లెక్కి పోయే తెల్ల కట్టడం, మొజాయిక్ నేల, గదికి రెండు ఫ్యాన్లు. అది పందొమ్మిది వందల ముప్పై ఆరులో కట్టింది. ఇప్పుడు వినండి. ఎర్రదాన్ని కొత్త కోర్టు అంటారు, తెల్లదాన్ని పాత కోర్టు అంటారు. నవ్వకండి, దానికో కారణం ఉంది. తెల్ల కట్టడం పూర్తయినప్పుడు, మొదటినుంచీ ఉన్న పాత కోర్టు తన బీరువాలతో, బెంచీలతో, పేరుతో సహా అందులోకి కాపురం మారింది. ఖాళీ అయిన ఎర్ర కట్టడంలో ఆ ఏడే మంజూరైన కొత్త కోర్టును కూర్చోబెట్టారు. కాబట్టి పాత కోర్టు కొత్త కట్టడంలో, కొత్త కోర్టు పాత కట్టడంలో. ఆవరణలో పనిచేసేవాళ్ళకి ఇందులో తికమకేమీ లేదు. బయటనుంచి వచ్చేవాళ్ళు అడిగి తెలుసుకోవచ్చు కదా అనేవారు. నిజమే, కానీ కోర్టు వాకిట్లో ఎవరు ఏం చెప్పినా నమ్మే తెలివితక్కువవాళ్ళు మద్రాసులో తక్కువ.

ఇంకో సంగతి. ఆ కట్టడాలు పేరు పెట్టి పిలిస్తే పలికేవి. ఆ కాలపు కట్టడాలు కొన్ని అంతే. అయితే ఇంట్లో పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవం కదా, అలాగే వాటినీ ఎవరూ ఎదుట నిలబడి పిలిచేవారు కాదు. చాలా ఏళ్ళ కిందట సంగతి తెలియని గుమాస్తా ఒకడు నడివాకిట్లో కోర్టును కేకేస్తే, ఒక కట్టడం "ఆఁ" అందనీ, పైకప్పు సున్నం రాలి మూడు దావాల కాగితాలు పాడయ్యాయనీ చెబుతారు. ఏ పేరుకు ఏ కట్టడం పలికిందో మాత్రం ఏ ఇద్దరూ ఒకలా చెప్పరు. అప్పటినుంచి గేటు దగ్గర "సైకిళ్ళు నిలపరాదు" అన్న బోర్డు కింద "కట్టడాలను పిలవరాదు" అని ఇంకో బోర్డు వేలాడుతోంది.

కన్నియమ్మది తొండియార్‌పేట. సౌకార్‌పేటలోని పప్పుల మండీలో కందిపప్పు చెరిగి రాళ్ళు ఏరే పని. ఇరవై ఏళ్ళుగా పప్పులో రాళ్ళు వెతికి వెతికి, మనుషుల మాటల్లోనూ రాళ్ళు వెతికే అలవాటు పడింది. పక్కింటావిడ "బాగుండావా" అని అడిగినా, ఎందుకడిగిందో అని ఆ మాటను రెండుసార్లు చెరిగి చూసుకునేది. ఆమెకు ఈ లోకంలో ఉన్నది చెల్లెలి కూతురు కోకిల ఒక్కతే. చెల్లెలూ, హార్బర్లో పనిచేసే మరిదీ ఏడాది తేడాలో పోతే, పదకొండేళ్ళ పిల్లను తనే పెంచుకుంటూ ఆరో క్లాసు చదివిస్తోంది.

కోకిల చిన్నాయన తిరువేంగడం సౌకార్‌పేటలో ఒక జవుళి దుకాణంలో పెద్ద గుమాస్తా. రెండేళ్ళపాటు కన్నెత్తి చూడనివాడికి, భార్య మంచాన పడగానే అన్న కూతురు గుర్తుకొచ్చింది. ముగ్గురు పిల్లలకు వండిపెట్టాలి, ఇల్లు ఊడవాలి. ఆడపిల్లకు బడెందుకని ముందే అనేశాడు. తండ్రి వైపువాణ్ణి, పిల్లను నాకు అప్పగించండని కోర్టులో అర్జీ పెట్టాడు. డెబ్బై మూడు జూన్ పదకొండున "కొత్త కోర్టు భవనం"లో హాజరు కావాలని కన్నియమ్మకు సమను వచ్చింది. కోకిలే చదివి చెప్పింది.

ఆ రోజు కన్నియమ్మ రాలేదన్నారు. పిల్లను జూలై ఆఖరులోగా తిరువేంగడానికి అప్పగించాలని ఉత్తర్వు అయిపోయింది.

ఉత్తర్వు చేతికందిన మర్నాడు కన్నియమ్మ పిల్లను వెంటబెట్టుకుని వచ్చి, గేటు బయట టీకొట్టు దగ్గర వరదయ్యను పట్టుకుంది.

"పేర్లు పిలిచేది నువ్వేనా?"

వరదయ్య బిళ్ళ సర్దుకున్నాడు. "నేనేనమ్మా. ఏం కావాల?"

"పదకొండో తేదీ నన్ను ఎందుకు పిలవలా?"

"నీ పేరు?"

"తొండియార్‌పేట కన్నియమ్మ."

వరదయ్యకు గుర్తుంది. పలికిన పేర్లు మరిచిపోయేవాడు గానీ పలకని పేర్లు మరిచేవాడు కాదు. "మూడుతూర్లు పిలిచినా తల్లీ. పదకొండూ నలభైకి. ఒక్కరూ పలకలా."

"పచ్చి అబద్ధం! పది గంటలకే వచ్చి అయిదు దాకా కూర్చోనుండాను. లేస్తే నా పేరు యాడ తప్పిపోతాదో అని తాగేనీళ్ళకి కూడా లేవలా. నిజం చెప్పు, నీ నోరు ఎవరు కట్టేసినారు?"

"ఏమ్మా, పందొమ్మిదేండ్ల సర్వీసు. నేను పిలిస్తే రేవులో కలాసీలకి వినపడతాది. రాలేదని ఒప్పుకో, సరిపోతాది."

"పిలవలేదని నువ్వు ఒప్పుకో, నాకూ సరిపోతాది."

కోకిల ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. తమాషా ఏమిటంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అబద్ధమాడేవాడు ఎక్కడో ఒకచోట తగ్గుతాడు. నిజం చెప్పేవాళ్ళిద్దరు ఎదురుపడితే తగ్గేదెవరు?

సాయంత్రానికల్లా ఈ మాట ఆవరణంతా పాకింది. శిరస్తాదారు పరంధామయ్య, అంటే ఆఫీసు గుమాస్తాలందరికీ పెద్ద, వరదయ్యను గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

"నిప్పు లేనిదే పొగ రాదు వరదయ్యా. ఆ పొద్దు కేసుకు ముందర తిరువేంగడం నీకు కాఫీ తాగించినాడంట?"

"తాగించినాడయ్యా. ఒక్క కాఫీ."

"ఏం మాట్లాడినాడు?"

"ఎన్నితూర్లు పిలుస్తారు, యాడ నిలబడి పిలుస్తారు, ఆ పక్కకి వినపడతాదా అని అడిగినాడు. వినపడకేం, నా గొంతు సంగతి నీకు తెలీదన్నాను. అంతే."

"అంతేనా?"

"అంతేనయ్యా."

పరంధామయ్య రెండో "అంతేనా" అడగలేదు గానీ కళ్ళతో అడిగాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు వరదయ్య చెయ్యి అనుకోకుండా గొంతు మీదికి పోయింది. అది పరంధామయ్య చూడనే చూశాడు.

మర్నాటినుంచి వరదయ్య వరండాలోకి వస్తే చాలు, లాయర్ల గుమాస్తాలు ఇద్దరు ముగ్గురు పక్కన చేరి వేళ్ళు ముడిచి లెక్కపెట్టేవారు. ఒకటి, రెండు, మూడు. మూడో పిలుపు మొదటిదానికన్నా తగ్గిందని ఒకడంటే, రెండోదే తగ్గిందని ఇంకొకడు. ఆయనకూ అనుమానపు జబ్బు అంటుకుంది. టీకొట్టువాడు తన గ్లాసు వేరే పెడుతున్నాడనుకున్నాడు. ఇంట్లో పాలలో మిరియాలు తగ్గాయని భార్యను సైగలతో నిలదీశాడు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

సరిగ్గా అప్పుడే పైనుంచి ఒక సర్క్యులర్ దిగింది. కోర్టు కట్టడాల పేర్లు జనానికి తికమకగా ఉన్నాయి కనుక, గేటులో నిలబడిన కొత్త మనిషికి కూడా తెలిసేలా స్పష్టమైన పేర్లు ఎంచి నెలలోగా పంపాలట. ఆ పని పరంధామయ్య నెత్తిన పడింది.

ముప్పై ఏడేళ్ళుగా లేని తికమక ఇప్పుడెలా వచ్చిందని లాయర్లు ముక్కున వేలేసుకున్నారు. ఎవరి తాతకో పేరు పెట్టడానికే ఈ నాటకం అన్నారు. వాళ్ళ మాట పూర్తికాకముందే సౌకార్‌పేట టోకు వర్తకుడు ఆదికేశవులు తన తాతగారి ఫోటో చంకన పెట్టుకుని వచ్చాడు. ఎర్ర కట్టడానికి ఇటుకలిచ్చింది ఆయనేనట, కాగితం మాత్రం చెదలు తినేసిందట. సీనియర్ లాయర్లు "న్యాయ దేవాలయం" అన్నారు. వాళ్ళన్నారు కాబట్టి జూనియర్లు "ధర్మపీఠం" అన్నారు. పరంధామయ్య అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని బీరువాలో పెట్టి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. తాళం వేసేసరికి అందులో ఏదో ఉందని ఊరంతా నమ్మింది.

కన్నియమ్మ, ఆ ఉత్తర్వు కొట్టేయమని అర్జీ పెట్టుకుంది. జూలై పద్దెనిమిదిన విచారణ. ఆ పొద్దున వరదయ్య గేటు దగ్గరికి తనే ఎదురెళ్ళాడు.

"రామ్మా. ఈతూరి నేనే దగ్గరుండి తీసకపోతా. మళ్ళీ పిలవలేదని నా మీద పడొద్దు."

ఆయన ఎడమవైపు తిరిగాడు. కోకిల ఆగిపోయింది.

"తాతా, కొత్త కోర్టుకు కదా పోవాల్సింది? ఇది పాతది కదా."

"ఇదే కొత్త కోర్టు పాపా."

"ఇంత పాతగా ఉండాది!"

"ఉంటే ఉండనీ. పేరు కొత్త కోర్టు."

కన్నియమ్మ నడివాకిట్లో నిలబడిపోయింది. చెయ్యెత్తి తెల్ల కట్టడం పైన వరండాలో కనబడుతున్న బెంచీని చూపించింది. "నేను కూర్చున్నది ఆడ. ఆ మూల బెంచీలో. బస్సు దిగి ఎవర్ని అడిగినా ఆ మెట్లే చూపించినారు."

వరదయ్య ఆ మెట్ల వైపు తిరిగి చూశాడు. పందొమ్మిదేళ్ళలో ఆయన ఆ మెట్లెక్కి ఒక్కసారి కూడా పిలవలేదు. పిలవాల్సిన పనే లేదు, అది పాత కోర్టు.

విచారణలో తిరువేంగడం లాయరు ఈ మాట వినగానే నవ్వేశాడు. "ఆ రోజు రానే లేదు. ఇవాళ రెండు కట్టడాలూ చూసి కథ అల్లింది యువరానర్." జడ్జిగారు కూడా అనుమానపు మనిషే, బెంచి దిగేటప్పుడు కలాలు లెక్కపెట్టుకుని మరీ దిగేవారు. కట్టడం తప్పానని చెప్పే జనం ఆయనకు కొత్త కాదు. కానీ సమను తీసి రెండుసార్లు చదివారు.

"ఇందులో కొత్త కోర్టు అని లేదు. కొత్త కోర్టు భవనం అని ఉంది. కొత్త కోర్టు అన్న పేరు ఏ భవనానిదో మనం చెబితే కాదు, భవనం చెప్పాలి. శనివారం పేర్లు ఖాయం చేయాలి కదా పరంధామయ్యా? బోర్డు తీసేసి పిలిపించండి. తెల్లది పలికితే, సమను ఈమెను పంపింది అక్కడికి, మనం పిలిచింది ఇక్కడ. ఆ ఉత్తర్వు చెల్లదు. ఎర్రది పలికినా, ఏదీ పలక్కపోయినా సోమవారం పిల్లను అప్పగించాలి."

ఈ మాటలో వింతేమీ ఎవరికీ కనబడలేదు. కొలతలో తేడా వస్తే సర్వేయరును పిలిపించరూ, అలాగే అనుకున్నారు. అయితే పిలిచేది వరదయ్య. చిక్కంతా అక్కడే ఉంది. ఆయన గొంతును ఇటువాళ్ళూ నమ్మరు, అటువాళ్ళూ నమ్మరు.

శుక్రవారం మధ్యాహ్నం తిరువేంగడం టీకొట్టు దగ్గర మళ్ళీ కాఫీ చెప్పాడు. "తాగన్నా, తాగు. గొంతుకు వేడి మంచిది."

వరదయ్య మొహమాటానికి గ్లాసు అందుకున్నాడు.

"గొంతు కదన్నా, ఒక్కోనాడు పలకదు. రేపు కాస్త మెల్లగా పిలిస్తే ఎవరేమంటారు? ఏదీ పలకదు, అంతే. ఉన్నది ఉన్నట్టే ఉంటాది."

"నాకేం అవసరం?"

"నీకే అవసరం. తెల్లది పలికిందనుకో, పందొమ్మిదేండ్లుగా నువ్వు తప్పు వాకిట్లో అరిచినావని కదా అర్థం? ఇంక రెండు నెలల్లో రిటైరు అవుతావు. పోయేటప్పుడు ఈ పేరు ఎందుకప్పా నీకు?"

అది విషం. కానీ అందులో నిజం ఉంది, అందుకే గొంతు దిగింది. వరదయ్యకు నిజంగా భయం వేసింది. ఎంతమందికి తల అడ్డంగా ఊపాడు? వాళ్ళలో ఎంతమంది ఆ మెట్ల పైన కూర్చుని చెవులు రిక్కించి ఉన్నారు? తనను తాను కడిగేసుకోవాలంటే రేపు గొంతు తగ్గించడం ఒక్కటే దారి. అలా అనుకుంటూ తిరువేంగడం వైపు చూసేసరికి, అతను కాఫీ ఊదుకుంటూ తెల్ల కట్టడం మెట్ల వైపు చూస్తున్నాడు. జూన్‌లోనూ అచ్చం ఇలాగే చూశాడు. ఆ పక్కకి వినపడతాదా అని అడిగింది అటు చూస్తూనే.

"ఆ పొద్దు ఆమె ఆడ కూర్చోనుండేది నువ్వు చూసినావు," అన్నాడు వరదయ్య.

తిరువేంగడం చూపు కాఫీ గ్లాసులోకి దించేశాడు. వరదయ్య కాఫీ సగంలో పెట్టేసి వెళ్ళిపోయాడు. ఇన్నాళ్ళూ అందరూ తనను అనుమానించారు, తను కన్నియమ్మను అనుమానించాడు. అనుమానించాల్సిన ఒక్కణ్ణీ వదిలేసి అతని చేతి కాఫీ తాగాడు. ఆ సిగ్గు ఆయన్ను రాయపురం దాకా వెంటాడింది.

శనివారం పది గంటలకు ఆవరణ నిండిపోయింది. టైపిస్టులు, స్టాంపులు అమ్మేవాళ్ళు, వాయిదా లేకపోయినా వచ్చిన కక్షిదారులు. జడ్జిగారు ఎర్ర కట్టడం మేడమీద కిటికీ దగ్గర నిలబడ్డారు. పరంధామయ్య నోటుబుక్కు తెరిచాడు. బుగ్గన ఉన్న కలకండ ముక్కను ఉమ్మేసి, వరదయ్య ఎప్పటిలా ఎర్ర కట్టడానికి ఎదురుగా నిలబడ్డాడు.

ముందు ఆదికేశవులు తాతగారి పేరు మూడుసార్లు పిలిచాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"మా తాతను ఇంకాస్త మర్యాదగా పిలవాల," అన్నాడు ఆదికేశవులు. మర్యాదగా పిలిచినా అంతే అయింది. "న్యాయ దేవాలయం" అంటే ఎవరో దారిన పోయేవాణ్ణి పిలిచినట్టు రెండు కట్టడాలూ ఊరుకున్నాయి. "ధర్మపీఠం" అన్నా అదే వరస.

"ఇప్పుడు కొత్త కోర్టు," అన్నాడు పరంధామయ్య.

కన్నియమ్మ కోకిల చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే పిల్ల మొహం ముడుచుకుంది. అయినా చెయ్యి లాక్కోలేదు.

"కొత్త కోర్టూ!"

ఏమీ లేదు. కట్టడాల మీది పావురాళ్ళు కూడా కదల్లేదు.

"కొత్త కోర్టూ!"

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. తిరువేంగడం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కన్నియమ్మ ఉండబట్టలేక అరిచింది. "గొంతు దాచుకుంటాండావు సామీ! నీకు పిల్లలు లేరా?"

వరదయ్య దాచుకోలేదు. రెండుసార్లూ కడుపులోనుంచే పిలిచాడు. కానీ ఆ కేకతో ఆయనకు ఒకటి తోచింది. నా పేరు పెట్టి, నా వైపు వీపు పెట్టి, ఎవడో ఎదురింటి వైపు చూస్తూ పిలిస్తే నేను మాత్రం పలుకుతానా? పందొమ్మిదేళ్ళ అలవాటు కాళ్ళను పట్టేసింది. ఎలాగో విడిపించుకుని, ఎర్ర కట్టడానికి వీపు పెట్టి, పదహారు మెట్లకు ఎదురుగా తిరిగాడు. తిరిగితే తన పరువు పోతుందని తెలుసు. తెలిసే తిరిగాడు.

"కొత్త కోర్టూ!"

తెల్ల కట్టడం కిటికీ అద్దాలన్నీ ఒక్కసారి అదిరాయి. లోపలి తలుపులు కదిలి, పునాదుల్లోనుంచి "ఆఁ" అని వచ్చింది, వంటింట్లో అన్నం తింటున్న మనిషి వీధిలోని పిలుపుకు పలికినట్టు. పరంధామయ్య చేతి గడియారం చూసి, పది ఇరవై రెండు అని రాసుకున్నాడు.

"పాత కోర్టును కూడా పిలు," అన్నాడు.

వరదయ్య వెనక్కి తిరిగి పిలిచాడు. పేరు పూర్తికాకముందే ఎర్ర కట్టడం పలికేసింది. ఇన్నేళ్ళూ తన పేరుతో ఇంకొకర్ని పిలుస్తుంటే విని విని విసిగిపోయినట్టుంది. మేడమీద జడ్జిగారి భుజం మీద కాస్త సున్నం రాలింది. ఆయన దులుపుకుని లోపలికి వెళ్ళారు.

సోమవారం పాత ఉత్తర్వు కొట్టేసి, విచారణ కొత్తగా జరిపారు. ఆగస్టులో కోకిలను దగ్గరికి పిలిచి ఎవరి దగ్గర ఉంటావని అడిగారు.

"పెద్దమ్మ కాడ," అంది కోకిల. "పెద్దమ్మ ఊళ్ళో అందర్నీ అనుమానిస్తాది, నన్ను మాత్రం అనుమానించదు. చిన్నాయన ఇంటికొచ్చినప్పుడు నా మొహం చూడలా సార్. నా చేతులు చూసినాడు, పని చేసే చేతులా కాదా అని."

పిల్ల కన్నియమ్మ దగ్గరే ఉండాలని, బడి మానరాదని తీర్పు అయింది. చిన్నాయన ఆదివారాలు వచ్చి చూడొచ్చని కూడా రాశారు. అతను ఒక్క ఆదివారమూ రాలేదు.

ఇక పేర్లు. కొత్తది ఎల్లకాలం కొత్తగా ఉండదు, ఆ పేరే ఉంచితే ఇంకో యాభై ఏళ్ళకు ఇదే గోల అని పరంధామయ్యకు అర్థమైంది. నోటుబుక్కు మూసేసి, గేటులో నిలబడి, కళ్ళకు ఏది కనబడితే అదే రాశాడు. గడియారం కోర్టు. మెట్ల కోర్టు. చదువురానివాళ్ళు కూడా చూసి పోల్చుకోవచ్చు. రెండు కట్టడాలూ మొదటి పిలుపుకే పలికాయి. పరంధామయ్యకు గడియారాల కొట్టువాడితో ఏదో లాలూచీ ఉందని రెండు రోజులు అనుకున్నారు, తర్వాత మరిచిపోయారు.

తీర్పు చెప్పిన సాయంత్రం కన్నియమ్మ వరదయ్య దగ్గరికి వచ్చింది. దండం పెట్టడానికి కాదు.

"సామీ, ఒకటి తెలుసుకోవాల. ఆ పొద్దు పిలిచినట్టే ఇప్పుడు పిలువు. పాపా, నువ్వు పోయి ఆ పైన మూల బెంచీలో కూర్చో."

కోకిల పదహారు మెట్లూ ఎక్కి కూర్చుంది. వరదయ్య గడియారం కోర్టు వరండాలో తన చోట నిలబడి, కళ్ళు మూసుకుని, తొండియార్‌పేట కన్నియమ్మను మూడుసార్లు పిలిచాడు. అంత గట్టిగా ఆయన ఏనాడూ పిలవలేదు. కన్నియమ్మ చెవులు మూసుకుంది.

కాసేపటికి కోకిల మెట్ల అంచుకు వచ్చి చేతులు నోటి చుట్టూ దొప్పగా పెట్టుకుని అరిచింది. రేవుకు పోయే లారీల రొదలో ఇక్కడికి ఏమీ వినబడలేదు. పిల్ల వాకిలి దాటి పరిగెత్తుకొచ్చింది.

"తాతా, పిలిచేసినావా? నేను ఇంకా కాసుకోని కూర్చోనుండాను."

వరదయ్య అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. డవాలీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. కన్నియమ్మ ఆయన ఎదుటికి వచ్చి నిలబడింది.

"నువ్వు పిలిచినావు సామీ. నేను వచ్చినాను. ఇద్దరిలో ఎవరూ దొంగలు కాదు," అంది.

ఆ తర్వాత రిటైరు కావడానికి మిగిలిన రోజుల్లో వరదయ్య రికార్డు గదిలోని పాత రిజిస్టర్లు దింపించాడు. కొత్త కోర్టు భవనం అని సమను పోయి, మూడు పిలుపులకూ పలకనివాళ్ళు రెండు వందల పన్నెండు మంది తేలారు. వాళ్ళకు పోస్టుకార్డులు రాస్తే, ఆ కార్డు పట్టుకుని వచ్చినవాళ్ళ అర్జీ వింటానని జడ్జిగారు ఒప్పుకున్నారు. వరదయ్యకు పిలవడం వచ్చు గానీ రాయడం అంతంత మాత్రం. బడి వదిలాక కోకిల వచ్చి, పోస్టుకార్డుల కట్ట ముందు పెట్టుకుని కూర్చుంది. కన్నియమ్మ పక్కనే ఉంది.

"ఏం రాయాల తాతా?"

"అయ్యా, మిమ్మల్ని మూడుతూర్లు పిలిచినాను. మీకు వినపడని చోట పిలిచినాను. తప్పు నాది. గడియారం కోర్టుకు ఒకతూరి రావాల, మీ మాట వింటారు. అట్ల రాయి."

కోకిల రాసి, చదివి వినిపించింది. కన్నియమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఎవరూ నమ్మరు. కోర్టోళ్ళు తప్పు ఒప్పుకుంటే నేనైతే నమ్మను. ఇందులో ఏం మెలిక ఉండాదో అని కార్డు పొయ్యిలో పెడతాను." కార్డు కింది ఖాళీ మీద వేలు పెట్టింది. "కింద సాక్షి అని రాయి పాపా. తొండియార్‌పేట కన్నియమ్మ, ఆ బెంచీలో కూర్చున్న మనిషి అని రాయి."

కోకిల రాసింది. కన్నియమ్మ ఇంకు అడిగి తీసుకుని, దాని కింద వేలిముద్ర వేసింది. ఆ వారంలో రెండు వందల పన్నెండు కార్డుల మీదా వేసింది.